నూలు తాగిన నూనె

పుణె, 4 జూలై 1988

ప్రియమైన నాయినా,

కొంతం చౌక్ డాక్టరు నీ కాలు చూసి ఏమన్నాడో అమ్మ రాయించింది. మగ్గం కర్రలు కాసేపు తొక్కగానే పిక్క పట్టేయడం, ఆగితే తగ్గడం నీరసం కాదు. కాలికి రక్తం చాలడం లేదు. మా నర్సింగ్ క్లాసులో నేర్చుకున్నదే చెబుతున్నాను, కోపం తెచ్చుకోకు. రక్తనాళాల లోపల సన్నటి పొర ఉంటుంది. తిండిలో కొవ్వు ఏళ్ల తరబడి ఎక్కువైతే ఆ పొర దెబ్బతింటుంది. దెబ్బతిన్న చోట కొవ్వు పేరుకుని దారి ఇరుకైపోతుంది. బీడీ పొగ దాన్ని ఇంకా పాడుచేస్తుంది.

ఇలాగే వదిలేస్తే కాలు తీసేయాల్సి రావచ్చని డాక్టరు అన్నది నిజమే. జొన్నరొట్టె మీద వనస్పతి మానెయ్యి, బీడీ మానెయ్యి, రోజూ నడువు. నొప్పి వస్తే ఆగు, తగ్గాక మళ్లీ నడువు.

నీ బిడ్డ,
రేణుక

జోడ్‌భావి పేట్, సోలాపూర్, 12 జూలై

చిరంజీవి రేణుకకు నాయిన దీవెనలు.

మానను. నలభై ఏళ్లుగా పడుగు దారాలకు గంజి పెడుతున్నవాడికి నూనె సంగతి నువ్వు చెబుతావా? గంజిలో పల్లీనూనె వెయ్యకపోతే దారం ఎండిపోయి పుటుక్కున తెగుతుంది. నరమైనా అంతే. మీ అమ్మ నిన్న వనస్పతి తగ్గించబోతే, "చంద్రభాగా, నన్ను ఎండబెట్టి సంపుతవా ఏంది? ఇంకో చెంచా వెయ్యి" అన్నాను. మూతి ముడుచుకుని వేసింది.

కాలు తీస్తాడట. ఆ డాక్టరును ముందు ఒక గజం చీర నేసి చూపించమను, అప్పుడు ఇస్తాను కాలు. నువ్వు వేళకు తిను, బాగా చదువుకో.

మీ నాయిన,
అంబాదాస్

పుణె, 20 జూలై

ప్రియమైన మొండి నాయినా,

నేనూ నీ కూతుర్నే. నూనె మాట నువ్వే ఎత్తావు గనుక అడుగుతున్నాను. పన్నెండేళ్ల కిందట అమ్మ తమ్ముడు లింగయ్య మామ మన దగ్గర పనిచేస్తూ గంజిలో నూనె ఎక్కువ పోశాడు. నాకప్పుడు ఎనిమిదేళ్లు, బాగా గుర్తుంది. దారాలు జిడ్డెక్కాయి. వాటికి పీచు పట్టి, ఒకదానికొకటి అంటుకుని, మగ్గం మీద కదల్లేదు. పెళ్లిచీరల పడుగు మొత్తం పారేశాం. పేటంతా వింటుండగా, "నూలుకు నూనె రాస్తరురా, తాపరు" అని మామను తిట్టావు. ఆయన మూట కట్టుకుని వెళ్లిపోయాడు. మన ఊళ్లోనే, బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో ఉంటున్నా మళ్లీ మన గడప తొక్కలేదు.

మరి నీ నరాలకు నూనె ఎందుకు తాపుతున్నావు? జవాబు ఉంటేనే రాయి.

నీ బిడ్డ,
రేణుక

జోడ్‌భావి పేట్, సోలాపూర్, 24 అక్టోబరు

బిడ్డా రేణుకా,

మూడు నెలలు రాయనిది జవాబు లేక కాదు. ఆ రోజు నూనె ఎక్కువ పోసింది లింగయ్య కాదు, నేను. ఎండ మండిపోతోంది. దారం తెగుతుందని భయపడి, వాడు అటు తిరిగినప్పుడు ఇంకో గిన్నె ఒంపాను. పడుగు పాడయ్యాక నలుగురిలో తల దించుకోలేక వాడి మీద వేశాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు మీ అమ్మకు చెప్పాను. చాలాసేపు ఏడ్చింది. తర్వాత వనస్పతి డబ్బా తీసుకెళ్లి వీధి మోరీ కాలవలో పారబోసి వచ్చి, "పొయ్యి నా తమ్మునికి చెప్పు. రిక్షా ఎక్కకు, నడుచుకుంటనే పో" అంది.

మొదటి రోజు విడీ ఘర్కుల్ చేరేలోపు పదకొండు చోట్ల కూర్చున్నాను. లింగయ్య తలుపు తియ్యలేదు. నేను తిట్టింది పేటంతా విన్నది గనుక, ఇదీ నలుగురూ వినాలని వాకిట్లోనే గట్టిగా చెప్పాను. లోపలి నుంచి "అయిపోయిందా? ఇగ పో" అన్నాడు.

రోజు విడిచి రోజు వెళ్తున్నాను. వనస్పతి లేదు, బీడీ లేదు. రొట్టె ఎండుగడ్డిలా ఉంటోంది, నీ మీద కోపమూ పూర్తిగా పోలేదు. డాక్టరు మాత్రం కాలు తీసే మాట ఎత్తడం మానేసి, నడవమన్నాడు. ఆయన కోసం నడుస్తున్నాననుకుంటే అనుకోనీ.

నిన్న నాలుగు చోట్లే కూర్చున్నాను. తలుపు ఇంకా తియ్యలేదు. మీ అమ్మ తమ్ముడు కదా, మొండివాడే. కానీ నా కాళ్లు రెండూ ఉన్నాయి. వాడు తలుపు తీసేదాకా ఉంటాయి.

మీ నాయిన,
అంబాదాస్