చీటీలో నీ పేరు

ఏమే రూతమ్మా,

నువ్వు పోయి ఏడాదయింది. మన మదనపల్లె సంఘం ఆడవాళ్లు ఈసారీ శని, ఆదివారాలు కుప్పంలో ప్రార్థన రిట్రీట్‌కు పోయొచ్చినారు. బస్సు పుంగనూరు దాటేదాకా నువ్వు ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టుకొనేదానివి. పోయేది ప్రార్థనకు, నమ్మకమంతా నిమ్మకాయ మీదనా అని ఏడిపించేవాణ్ణి. సరే, అసలు సంగతికొస్తా.

ఏడాదంతా ఎవరు ఎవరి కోసం ప్రార్థించల్లో చీటీలు తీస్తారు గదా, ఈసారి మరుపున పాత చీటీలే డబ్బాలో వేసినారంట. నీ పేరు పక్కింటి కోడలు సుగుణకు వచ్చింది. "పోయినోళ్ల కోసం ప్రార్థన చేయకూడదమ్మా, చించేసి ఇంకోటి తీసుకో" అనిందంట పాస్టరమ్మ. సుగుణ చించలేదు. ఊరికి రాగానే నేరుగా నా దగ్గరికొచ్చింది.

"మామా, అత్త దేవుణ్ణి ఏమడుగుతా ఉండె? అదే నేనూ అడుగుతా. అప్పుడు తప్పు కాదు గదా?"

"నా దగ్గు తగ్గల్లని అడుగుతా ఉండె సుగుణా" అన్నా.

ఆ పొద్దు నుంచి దినామూ అడుగుతాండాది. దగ్గు నిజంగానే తగ్గింది.

అయినా గోడవతలికి వినపడేటట్టు అప్పుడప్పుడు దగ్గుతాండాను. తగ్గిందని తెలిస్తే నీ చీటీ పక్కన పెట్టేస్తాదేమోనని.