నిదానంగా ఎగిరే విమానం

కౌకూర్

తమ్ముడు గిడియోన్‌కు,

సరిహద్దు కొండ మీద చిక్కుకున్న మీ బావ బతికి, ఆసుపత్రి నుంచి ఫోన్ చేశారు.

"సాయానికి విమానమైతే వచ్చింది. గంత జోరుల మేమెవలమో, శత్రువులెవలో దానికి కానరాలే. బాంబెయ్యకుండనే పోయింది. నా పక్కనే ఇద్దరు సచ్చిపోయిన్రు" అని ఏడ్చారు.

నేల మీది జవాన్లకు తోడు వెళ్లే విమానాన్ని ఎంపిక చేసే బృందంలో నువ్వున్నావు. కిందుగా, నిదానంగా ఎగిరేదైతే మనవాళ్లను గుర్తుపడుతుందని నువ్వే చెప్పావు. "గని అక్కా, గది తుపాకికి గూడ దొరుకుతది" అన్నావు. అది విన్న అమ్మ, ఇంటి మీదుగా విమానం పోయినప్పుడల్లా నీకోసం ప్రార్థిస్తోంది.

గాయం మానగానే మీ బావ మళ్లీ అక్కడికే వెళ్తారు. నీ అభిప్రాయం అడిగితే ఆ నిదానపు విమానమే కావాలని చెప్పు. దాన్ని నడిపేది నువ్వేనని తెలిసే అడుగుతున్నాను.

నేనిలా రాశానని అమ్మకు మాత్రం తెలియనివ్వకు.

నీ అక్క