చొక్కా చేతి మీద పట్టీ

అక్కా,

నా బీపీ నూట డెబ్బై చూసి, "నేనిచ్చిన కిడ్నీ మంచిది కాదేమోరా" అంటూ కళ్లు తుడుచుకుని వెళ్లినదానివి, మూడు నెలలైనా ఇటు తొంగి చూడలేదు. నిన్న డాక్టరుగారిని గట్టిగా అడిగాను.

"మీ అక్క కిడ్నీ బంగారంలా పనిచేస్తోందయ్యా! నీ ఒళ్లు దాన్ని తిప్పికొట్టకుండా మాత్రలు వేసుకుంటున్నావు చూడు, వాటివల్లే ఈ బీపీ" అన్నారు. మోతాదు తగ్గించి, బీపీకి ఇంకో మాత్ర రాశారు.

బీపీ చూసుకునే పట్టీని నేనింకా చొక్కా చేతి మీదే చుట్టేస్తున్నాను. "దర్జీవాడివి, చొక్కా చెయ్యి మడవడం తెలీదట్రా?" అని మొట్టికాయ వెయ్యడానికి నువ్వు పక్కన లేవు.

నీ కిడ్నీ నాతోనే ఉంది. కానీ అక్కా, అది నన్ను తిట్టదు. ఒక్కసారి వచ్చి తిట్టిపో.

నీ తమ్ముడు