ఎవరి తాళం వాళ్లే తీయాలి

పన్నెండో తేదీ, ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి నిచ్చెనకు,

మీ బావ దీవించి రాసేది. (నీ పొడుగు చూసి నేను పెట్టిన పేరే నా చేతికి అలవాటు, అసలు పేరు రాయలేను.) ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను. ఇలా రాయడం మర్యాద కాబట్టి రాశాను. నిజానికి ఇక్కడ నా మోకాళ్లు క్షేమంగా లేవు, మీ అక్క కోపం మాత్రం పూర్తి ఆరోగ్యంతో ఉంది. మీ ఆవిడ మొన్న మా ఇంటికి వచ్చి వెళ్లింది. ఆరో నెల కదా, రెండు అంతస్తులు మెట్లెక్కేసరికి ఆయాసపడింది. ముఖంలో మాత్రం కాస్త కళ వచ్చింది. రెండుసార్లు కడుపు పోగొట్టుకున్న పిల్ల, కుర్చీలో కూర్చోవడం కూడా భయం భయంగా, ఎవరినో అడిగి కూర్చున్నట్టు కూర్చుంటోంది. నువ్వెప్పుడొస్తావని మీ అక్క అడిగితే, పని అయ్యాక అని నవ్వింది చెల్లెలు. లిఫ్టు పని ఎప్పటికి అవుతుందో ఈ ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి మేమెవరమూ నవ్వలేదు.

పోయిన బుధవారం ఫోనులో నువ్వడిగిన దానికి జవాబు రాస్తున్నాను. ఆ ముక్క ఫోనులోనే చెప్పొచ్చుగా అంటావు. ఫోనులో నాకు మాట కుదరదు. పక్కనే మీ అక్క కూరగాయలు తరుగుతూ చెవులు ఇటే పెట్టుకొని ఉంటుంది. నువ్వేమో ఆ ఊళ్లో కడుతున్న భవనం మధ్యలో నిలబడి ఉంటావు, నేనొక మాటంటే డ్రిల్లు మిషను నాలుగు మాటలంటుంది. కాగితమైతే నా మాట నేను పూర్తిగా చెప్పుకోవచ్చు.

నువ్వు చెప్పింది నాకు అర్థమైనంతవరకూ ఇదీ సంగతి. ఆసుపత్రిలో లిఫ్టు మెకానిక్కు ఉద్యోగం నీకు వచ్చింది. పర్మనెంటు. అరవై ఏళ్లు నిండేదాకా ఎవరూ కదిలించరు, ఇంట్లోవాళ్లకి వైద్యం ఉచితం, డ్యూటీ దిగితే ఇంటికి వచ్చెయ్యొచ్చు. జీతం మాత్రం ఇప్పుడు కంపెనీలో వచ్చేదాంట్లో సగానికి కాస్త ఎక్కువ. ఇటు కంపెనీవాళ్లు నీ చేతిలో కాగితం చూడగానే ప్రేమ పుట్టుకొచ్చి, జట్టుకి లీడర్ని చేస్తాం, జీతం ఇంకా పెంచుతాం, వెళ్లొద్దు అంటున్నారు. ఆ ప్రేమ కాంట్రాక్టు ఉన్నన్నాళ్లే అని నీకూ తెలుసు. ఆసుపత్రిలో ఇరవయ్యో తేదీలోగా చేరాలి, చేరకపోతే ఉద్యోగం నీది కాదు. బావా, నువ్వు ఎటంటే అటు అన్నావు. పదమూడేళ్లుగా ఆ మాటే అంటున్నావు. నా దగ్గర పనిలో చేరిన మొదటి రోజు పానా ఏ సైజుదివ్వాలో తెలియక కూడా అదే మాటన్నావు.

సూటిగా చెబుతున్నాను. చేరకు.

ఆసుపత్రిలో మెకానిక్కు గది ఎక్కడుందో తెలుసా? బేస్‌మెంటులో, దుప్పట్లు ఉతికే గది పక్కన. కిటికీ లేదు. గోడ మీద నీటి మరక, ఆ మరక కింద ఒక బల్ల, బల్లకి దారంతో కట్టేసిన పెన్ను. ఆ పెన్నుతో పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి రిజిస్టరులో సంతకం పెట్టాలి. ఇంజినీరుగారు మనిషి మెత్తనే గానీ జన్మలో లిఫ్టు పెట్టె మీదకి ఎక్కి ఉండడు. ఏ లిఫ్టు ఆగినా ఎందుకు ఆగింది అని అడగడు, డ్యూటీలో ఎవరున్నారు అని అడుగుతాడు. తొమ్మిది లిఫ్టులు. అందులో నాలుగింటికి సామాను తయారుచెయ్యడం మానేసి పదేళ్లయింది. స్ట్రెచరుతో సహా రెండంతస్తుల మధ్య ఆగిపోయిందనుకో, లోపల రోగి మూలుగుతుంటాడు, బయట వాళ్ల చుట్టాలంతా నీ కాలరు పట్టుకుంటారు. సామాను కొనని పెద్దమనిషి ఆ టైముకి భోజనానికి వెళ్లి ఉంటాడు.

నీకు ముప్పై నాలుగు. ఇంకా ఇరవయ్యారేళ్లు ఆ దారం కట్టిన పెన్నుతో సంతకాలు పెడతావా? ముప్పై అంతస్తుల లిఫ్టు నిలబెట్టినవాడివి. మొదటిసారి పెట్టె పై అంతస్తుకి వచ్చి గడపకి వెంట్రుకవాసి తేడా లేకుండా ఆగినప్పుడు నేను పెట్టెని చూడలేదు, నీ ముఖం చూశాను. ఆ ముఖం బేస్‌మెంటులో ఉండదు. అక్కడ ఎవడో పాన్ ఉమ్మిన బటన్లు తుడిచి, నూనె రాసి, పాత తాడుకి దణ్ణం పెట్టుకోవడమే ఉంటుంది.

నాకూ ఒకప్పుడు ఇలాంటి కాగితమే వచ్చింది, నీకు తెలిసే ఉంటుంది. నీళ్ల శాఖవాళ్ల పంపుహౌసులో ఆపరేటరుగా. మా పెళ్లయిన రెండో ఏడు. మీ నాన్న ఆ కాగితం నాచేత మూడుసార్లు చదివించుకొని విన్నారు. నేను చేరలేదు, కంపెనీ డబ్బే కావాలనుకున్నాను. ఆ డబ్బుతోనే ఈ ఇల్లు కొన్నాం, మీ అక్క చెవులకి బంగారం వచ్చింది, నీ డిప్లొమా పూర్తయింది. దెప్పడానికి రాయలేదు, వరసలో వచ్చింది కాబట్టి రాశాను. సరే, కొంచెం దెప్పడానికే రాశాను.

నా బదులు ఆ పంపుహౌసులో చేరినవాడు ఆమధ్య మార్కెట్లో కనిపించాడు. పొట్ట వచ్చింది, జుట్టు పోయింది. ఇంకో రెండేళ్లకి రిటైరవుతాడట, పింఛను ఎంతొస్తుందో నేనడక్కుండానే చెప్పాడు. నాతో మాట్లాడుతూనే సంచీ పట్టుకొని గబగబా మెట్లు దిగిపోయాడు. పాతికేళ్లు ఒకే పంపు చప్పుడు విన్నవాణ్ణి చూస్తే జాలేసింది నాకు. ఏం బతుకురా నాయనా అనుకున్నాను.

నా సంగతి అడిగావు. నెలన్నర నుంచి సెలవులో ఉన్నాను. మోకాళ్లకి కాస్త విశ్రాంతి కావాలని నేనే అడిగి తీసుకున్నాను. పని ఎక్కడికీ పోదు, వాళ్లు ఎప్పుడు రమ్మంటే అప్పుడు వెళ్లడమే. మీ అక్క మాత్రం నేను ఇంట్లో ఉంటే ఫ్రిజ్జు ఎక్కువసార్లు తెరుస్తున్నానని కొత్త కేసు పెట్టింది.

ఇంకో మాట. ఆసుపత్రిలో డ్యూటీకి ఒక్కడే మెకానిక్కు. నీకు నేను నేర్పిన మొదటి పాఠం ఏమిటి? పెట్టె మీదకి ఎక్కే ముందు పైన మోటారు గదిలో మెయిన్ స్విచ్చి కట్టేసి ఇద్దరమూ చెరో తాళం వేస్తాం. ఎవరి తాళంచెవి వాళ్ల జేబులో. రెండు తాళాలూ ఊడితేనే కరెంటు. లోపలున్నవాడి ప్రాణం ఆ తాళంలో ఉంటుంది కాబట్టి ఒకడి తాళం మీద ఇంకొకడు చెయ్యి వెయ్యకూడదు. అక్కడ నీ పక్కన రెండో తాళం వేసేవాడు ఉండడు. ఆలోచించుకో.

తాళం అంటే గుర్తొచ్చింది. ఆ పదకొండు అంతస్తుల అపార్టుమెంటులో ఒకసారి నేను చేసిన ఘనకార్యం మర్చిపోయావా? పొద్దున మీ అక్కతో పడిన గొడవ నెమరేసుకుంటూ, పని అయ్యాక నా తాళం తీయకుండానే చెవి జేబులో వేసుకొని బస్సెక్కి ఇంటికొచ్చేశాను. సూపర్‌వైజరు రంపం తెచ్చి నా తాళం కోసెయ్యమన్నాడు. నేను ఇంటికెళ్లిపోయానని అందరికీ తెలుసు, లిఫ్టు గొయ్యిలో పిల్లి కూడా లేదని తెలుసు. అయినా నువ్వు స్విచ్చికి అడ్డంగా స్టూలు వేసుకొని కూర్చొని, ఆయన తాళం ఆయనే తీయాలి అన్నావట. ముసలివాళ్లూ చంటిపిల్లల తల్లులూ నిన్ను తిట్టుకుంటూ మెట్లెక్కారు. మూడు గంటల తర్వాత నేనొచ్చి తాళం తీశాక నీతో ఒక్క మంచి మాట కూడా అనలేదు. రూలంటే మరీ ఇంత చాదస్తమా అని అందరి ముందూ నవ్వాను. ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో తెలియదు.

కాబట్టి కంపెనీలోనే ఉండు. కాన్పు గురించి బెంగ వద్దు, చేతిలో డబ్బుంటే ఎంత మంచి డాక్టరుకైనా చూపించొచ్చు. నువ్వు ఊళ్లో లేని లోటు మేము చూసుకుంటాం, చెల్లెలికి నేను నచ్చజెబుతాను. ఆసుపత్రివాళ్లకి రాను అని ఒక కార్డు ముక్క రాసి పడెయ్యి, రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోకు.

ఎప్పటిలాగే కింద రెండు లైన్లు మీ అక్కకి వదులుతున్నాను.

ఇట్లు,
నీ మేలు కోరే బావ

తా.క.

సోమవారం పొద్దున రాస్తున్నాను.

నిన్న సంతకం పెట్టి ఉత్తరం మీ అక్క చేతికిచ్చాను. రెండు లైన్లు రాయడానికి కూర్చున్న మనిషి మొదటి నుంచీ చదివింది. చదివి పెన్నుకి మూత పెట్టింది. లేచి వెళ్లి, ఉతకడానికి వేసిన నా చొక్కా జేబులో దొరికిందట, ఒక చీటీ తెచ్చి ఉత్తరం మీద పెట్టింది. “ఇందులో ఒక సంగతి రాయలేదు. మీరు రాస్తారా, నన్ను రాయమంటారా?” అంది. ఆ తర్వాత ఇంతవరకూ నాతో మాట్లాడలేదు.

నేనే రాస్తున్నాను. ఆ ఉద్యోగానికి నేను కూడా దరఖాస్తు పెట్టాను. నువ్వు ఫారం తెచ్చి చూపించినప్పుడు, నెలజీతానికి కూర్చునే రకం కాదు నేను అని నవ్వాను కదా. మర్నాడు ఆసుపత్రిలో ఆ ఫారాలిచ్చే కిటికీ దగ్గర నేనూ వరసలో నిలబడ్డాను. ఇంటర్వ్యూ నీకు పొద్దున జరిగితే నాకు మధ్యాహ్నం జరిగింది. నువ్వు బయటికి వస్తావేమోనని ఎదురుగా మందుల షాపులో దాక్కున్నాను, ఊరికే నిలబడితే బాగోదని దగ్గు మందు కొన్నాను. లిస్టులో మొదటి పేరు నీది, రెండోది నాది. ఇరవయ్యో తేదీలోగా మొదటివాడు చేరకపోతే రెండోవాణ్ణి పిలుస్తామని ఆ చీటీలో ఉంది. యాభై దాటినవాళ్లని తీసుకోరు. ఇంకో మూడు నెలల్లో నాకు యాభై నిండుతాయి.

బేస్‌మెంటు గది నేను చూసింది అందుకే. గది నాకు నచ్చింది. లిఫ్టులోనే దిగొచ్చు, మెట్లు లేవు. ఎవరూ లేనప్పుడు ఆ దారం కట్టిన పెన్ను పట్టుకొని బల్ల మీద నా సంతకం ఎలా ఉంటుందో చూసుకున్నాను.

సెలవు మాట కూడా అబద్ధం. మోటారు గది నిచ్చెన ఎక్కుతూ మధ్యలో రెండుసార్లు ఆగిపోయాను, సూపర్‌వైజరు కింద నుంచి చూశాడు. మర్నాటి నుంచి పనికి పిలవలేదు. ఇరవై ఎనిమిదేళ్లు చేసిన కంపెనీ నన్ను వెళ్లమని కూడా అనలేదు, ఫోను చెయ్యడం మానేసింది అంతే. నిన్ను ఉండమని నేను రాసింది ఆ కంపెనీలోనే. పంపుహౌసువాణ్ణి చూసి జాలి పడిందీ లేదు. ఆరోజు ఇంటికొచ్చాక నాకు ముద్ద దిగలేదు.

ఫోను చెయ్యకుండా కాగితం మీద రాసింది మీ అక్క వింటుందని కాదు. అబద్ధం చెబితే నా గొంతు నువ్వు పట్టేస్తావని.

నువ్వు ఖాళీ గొయ్యికి కూడా నా తాళం కోయనివ్వలేదు. నేను నీ పెళ్లాం, పుట్టబోయే బిడ్డ లోపల ఉండగానే నీ తాళం తీసేసి స్విచ్చి వెయ్యబోయాను. దీన్ని ఇంతకంటే మెత్తగా రాయడం నాకు చేతకాదు. సిగ్గుగా ఉంది. కోపంగా కూడా ఉంది, ఎవరి మీదో తెలియడం లేదు. కొంత నీ మీద కూడా ఉంది, మొదటి పేరు నీదైనందుకు.

నువ్వు వెళ్లి చేరు అని రాయాలని ఇందాకటి నుంచీ చూస్తున్నాను. అంత పెద్ద మనసు నాకు లేదు, చెయ్యి రావడం లేదు. చేరకు అన్న మాట మాత్రం కొట్టేసినట్టే అనుకో. నీ తాళం నువ్వే తీసుకో. నన్ను అడగకు.

వదిలిన రెండు లైన్లూ అలాగే ఉన్నాయి. కవరు తనే అంటిస్తానని మీ అక్క చేత్తో సైగ చేసింది. ఏం రాస్తుందో, అసలు రాస్తుందో లేదో నాకు చూపించదు.

బావ

తమ్ముడూ, ఇరవయ్యో తేదీ సోమవారం. ఆసుపత్రి ఆఫీసు పదింటికి తెరుస్తారు.
మీ బావ సంగతి నేను చూసుకుంటాను. అక్క