పీచు చుట్టిన ప్లగ్గు

అన్నయ్యా,

అన్నం ఉడుకుతోంది, వార్చేలోపల ఇది రాస్తున్నాను. తర్వాత నేను కుట్టుపనికి వెళ్ళిపోతాను.

పడవ ఇంజను హెడ్డు అరుగు మీద గోనెసంచిలో ఉంది. ప్లగ్గు థ్రెడ్డు అరిగిపోయిన చోట తాటిపాక మెకానిక్ అబ్బులుగారు కొత్త థ్రెడ్డు కోసి, స్ప్రింగులాంటి ఉక్కు చుట్ట బిగించారు. థ్రెడ్డు కోసే ట్యాపుకి గ్రీజు రాసి కాస్త ముందుకీ కాస్త వెనక్కీ తిప్పుతుంటే, అల్యూమినియం పొడి గ్రీజులో మెరుస్తూ పైకి వచ్చింది. ఎండపొద్దున ఏట్లో చేపపిల్లలు తిరిగినట్టే ఉంది. పని మరిచిపోయి చూస్తూ కూర్చున్నాను.

ప్లగ్గు ముందు వేళ్ళతోనే తిప్పాలట, స్పానర్ ఆఖర్నే. ఆ బిగించడం మాత్రం నాన్ననే చెయ్యనియ్యి.

పడవ చెక్కల సందుల్లో కూరినట్టే నాన్న ప్లగ్గుకి కొబ్బరిపీచు చుట్టి బిగించారు కదా, ఆ ప్లగ్గు నడి ఏట్లో ఎగిరిపోయింది. “తారు కూడా పూసేరా ఏసుదాసుగారూ?” అని అబ్బులుగారు అంటే అరుగు మీద అందరూ నవ్వారు. నాన్న “ఆయ్” అన్నారంతే. నువ్వూ ఫోన్లో నవ్వావు. అప్పుడు స్పీకరు పెట్టి ఉంది. ఇంక ఆ ఇంజను ముట్టుకోనని నాన్న అమ్మతో అన్నారు.

కూర గిన్నె మీద మూత పెట్టాను. తిని, నాన్నతో మంచిగా మాట్లాడు.

కరుణ

ఇంకోటి. తొందరగా రేవుకి వెళ్ళు. ఏట్లో సముద్రపు పోటు ఎక్కుతోంది. నాన్న అటక మీంచి పాత తెడ్డు దింపారు. ఎక్కడికని అడిగాను. దుమ్ము తుడిచి భుజాన వేసుకుని రేవు వైపు వెళ్ళిపోయారు.