నొప్పి తగ్గిన ఉత్తరం

ఏప్రిల్ 2

ప్రియమైన చెల్లీ,

రొమ్ము ఆపరేషన్ గాయం మానింది. కానీ జబ్బు తిరిగి రాకుండా ఐదేళ్లు వేసుకోమన్న హార్మోను మాత్ర నా కీళ్లను నమిలేస్తోంది. పొద్దున్నే వేళ్లు ముడుచుకోవు. కత్తెర పడితే ప్రాణం పోతోంది. కొట్లో బడి యూనిఫారాల గుడ్డ కుప్పగా పడి ఉంది. ముప్పై ఏళ్లుగా దర్జీ పని చేస్తున్నదాన్ని, నా బట్టలకు గుండీలు పెట్టమని మీ బావను పిలుస్తున్నాను. ఆయన పై గుండీ కింది కాజాలో పెట్టి, భేషుగ్గా ఉందంటాడు.

నీ మొండి అక్క

ఏప్రిల్ 9

ప్రియమైన అక్కా,

బావ సంగతి తర్వాత. నా వ్యాయామం క్లాసులో ఆ మాత్ర వేసుకునేవాళ్లు ఆరుగురున్నారు. వాళ్లకు చెప్పిందే నీకూ చెబుతున్నాను. రోజూ అరగంట చురుగ్గా నడువు. వారానికి రెండుసార్లు నీళ్ల సీసాలు పట్టుకుని చేతులు పైకెత్తు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చో. మొదట్లో నన్ను తిట్టుకుంటావు, తిట్టుకో. మాత్ర మాత్రం మానకు. భరించలేకపోతే డాక్టరమ్మకు చెప్పు, మందు మారుస్తారు.

నిన్ను వదలని చెల్లి

జూన్ 20

బంగారు చెల్లీ,

నొప్పి మాయం! నిన్న ఒక్క పూటలో పన్నెండు చొక్కాలు కత్తిరించాను. నీ నోటి చలవే.

అక్క

జూన్ 28

అక్కా,

నీ ఉత్తరం క్లాసులో చదివి, గోడకు అంటించాను. ఆ ఆరుగురిలో, మాత్ర మానేద్దామనుకుంటున్న లైబ్రరీ ఆవిడ, "మీ అక్కకు పోయిందంటే నాకూ పోతుంది" అంటూ మళ్లీ నడక మొదలుపెట్టింది. ఎంత గర్వంగా ఉందో!

చెల్లి

డిసెంబర్ 11 (మరుసటి ఏడాది)

చెల్లీ,

ఏడాదిన్నరగా నీతో అబద్ధమాడాను. ఐదు వారాలు నిజంగానే నడిచాను. తర్వాత, యూనిఫారాలు అయ్యేదాకానే అనుకుని మాత్ర ఆపేశాను. నొప్పి పోయింది అందుకే. చేతులు మునుపటిలా ఆడుతుంటే మళ్లీ వేసుకోబుద్ధి కాలేదు. నువ్వు అంత మురిసిపోయాక చెప్పే ధైర్యమూ లేకపోయింది.

జబ్బు వెన్నెముకలోకి వచ్చింది. మాత్ర మానినందుకేనా అని అడిగాను. డాక్టరమ్మ అవుననలేదు, కాదనీ అనలేదు. మీ బావకు రెండు రోజుల కిందటే చెప్పాను. నాకు భయంగా ఉంది.

నా మీద ఎంత కోపమైనా తెచ్చుకో, ముందు ఆ ఉత్తరం గోడ మీంచి పీకెయ్. నొప్పి పూర్తిగా పోలేదని లైబ్రరీ ఆవిడ తననే తప్పుపట్టుకుని అన్నీ మానేస్తుందేమో. ఇది చదివి వినిపించు: నడిచిన ఐదు వారాల్లో నా నొప్పి కొంచెమే తగ్గింది. మెట్లు ఎక్కగలిగాను, కత్తెర పట్టలేకపోయాను. ఆ కొంచెం నిజం. అది చాలదనుకున్నాను.

అక్క