తెంచమన్న బంధం

మూలపేట

చిరంజీవి అశ్వినికి నాన్న దీవెనలు. నేనూ మీ అమ్మా తిరుగుతూనే ఉన్నాం. క్షేమం సంగతి వరసగా రాస్తాను. టెక్కలి హాస్టల్లో మీకు ఫోన్లు ఉండనివ్వరు కాబట్టి ఈ కాగితమే నా నోరు.

రసాయన బంధాల పాఠం రాసి పంపి, ఒక ప్రశ్న అడిగావు. "బంధం కడితేనే పరమాణువుకు స్థిరత్వం అంటారు మా సారు. బంధం తెంచితేనే శాంతి అంటావు నువ్వు పురాణం చెప్పే మైకులో. ఏది రాయమంటావు?" పరీక్షలో సారు చెప్పిందే రాయి తల్లీ. నా మాటకు మార్కులు లేవు.

బడి మొహం చూడకుండా గ్రంథాలు కూడబలుక్కుని చదివినవాణ్ణి, నీ పాఠం మాత్రం వదులుతానా! గళ్ళుప్పు రాయిని గడప మీద పెట్టి సుత్తితో కొట్టాను. పొడైపోయింది. రాగి తీగను కొట్టాను. పలచబడింది గాని విరగలేదు. ఉప్పులో సోడియం ఒక ఎలక్ట్రాన్ ఇస్తుంది, క్లోరిన్ తీసుకుంటుంది. ఇచ్చినది ధనం, పుచ్చుకున్నది రుణం. ఇంత సూటి మాట నా పురాణాల్లో కూడా దొరకలేదు. దెబ్బ పడి వరస జరిగితే ధనం ఎదుట ధనం, రుణం ఎదుట రుణం నిలబడి ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. రాగిలో ఎలక్ట్రాన్లు అందరి ఉమ్మడి సొత్తు. వరస జారినా పట్టు పోదు.

ఇక కర్పూరం. దాని అణువు లోపల పరమాణువులు పంచుకుని గట్టిగా ఉంటాయి. అణువుకీ అణువుకీ మధ్య మాత్రం ఉండీ లేనట్టు పట్టు. అందుకే పళ్ళెంలో పెడితే గాలికి పోతుంది. దేవుడిలో కలిసిపోయిందని ఇన్నాళ్ళూ ఊరూరా చెప్పాను. పట్టుకునేవాళ్ళు లేక పోయింది, అంతే! మన ఉద్దానం భక్తులూ అదే సరుకు. ఇంటి లోపల గట్టి, ఇంటికీ ఇంటికీ మధ్య గాలి.

అక్క ఎలా ఉందన్నావు. జానకికి రెండు కిడ్నీలూ పనిచేయడం లేదు. పలాసలో డయాలసిస్ చేయిస్తున్నాం. మీ బావ గౌరీశంకర్ కిడ్నీ ఇస్తానని ఒప్పుకున్నాడు. పోయిన నెల పెద్దమనుషుల ముందు అడ్డం తిరిగాడు.

"నువ్వే కదా మావా మైకట్టుకుని సెప్పినావు, పెళ్ళాం, పిల్లలు అంతా బంధమే, తెంచుకోండని! నాను తెంచుకుంటన్నాను. తప్పేటి?"

"గురువుకి తగ్గ సిస్యుడే!" అన్నాడు పక్కింటి తవిటయ్య. అందరూ నవ్వారు.

శరీరం పాతబట్ట అని కూడా అదే మైకులో చెప్పాను. ఆ ముక్క ఆ దౌర్భాగ్యుడి చెవికెక్కలేదు. భయమేస్తోంది మావా అని ఉంటే ఊరుకునేవాణ్ణి. నా మాటే కత్తి చేసి నా కూతురి గొంతు మీద పెట్టాడు.

ఇప్పుడు మీ అమ్మ ఇస్తోంది. విశాఖలో పరీక్షలన్నీ కుదిరాయి. సోమవారం ఆపరేషను. తాను ఇస్తాననే ముందు ఆమె నన్నే అడిగింది. "నీదిచ్చీ. నీకెందుకు రెండు?" నా గ్రూపు కలవలేదన్నాను.

"నువ్వూ తెంచుకున్నావేటి? అల్లుడే నయం, నలుగురిలో సెప్పినాడు."

ఆనాటి నుంచి నాకు కంచం పెడుతోంది గాని మొహం చూడటం లేదు.

అశ్వినీ, నా గ్రూపు కలుస్తుంది. అక్కకు ఇద్దామని మీ అమ్మకు చెప్పకుండా పలాసలో పరీక్షకు రక్తం ఇచ్చి వచ్చాను. నా కిడ్నీలు కూడా జానకి దారిలోనే ఉన్నాయని తేలింది. ఈ సంగతి తెలిస్తే ఇవ్వగలిగిన ఆ ఒక్కటీ చేత పట్టుకుని కూతురికీ మొగుడికీ మధ్య నిలబడుతుంది మీ అమ్మ. ఎటు తిరుగుతుందో నాకు తెలియదు. నా వైపు తిరుగుతుందేమోనని భయం. అక్క లేచి నడిచేదాకా ఆమెకు నేను పిరికివాడిగానే ఉండాలి.

ఆదివారం సెలవు పెట్టి రా. ఆమె నీ ఎదుటే నన్ను తిడుతుంది. నా పక్షాన మాట్లాడకు. వీలైతే నువ్వు కూడా రెండు మాటలు అను.

ఇట్లు,
తిట్లకు సిద్ధంగా ఉన్న మీ నాన్న,
పైడిరాజు